టర్బో బండిలో ఓవర్‌బూస్ట్, ఫ్యూయల్ కట్: కారణం పట్టుకునే పద్ధతి

మూడో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కారు. బండి బాగా లాగుతోంది. మూడు వేల ఆర్‌పీఎం దాటగానే గోడకు గుద్దుకున్నట్టు ఒక్క కుదుపు, పవర్ మాయం. కాలు తీస్తే మళ్ళీ మామూలే. ఇంకో రకం ఉంది. హైవే మీద లారీని దాటబోతుంటే పికప్ ఒక్కసారిగా చచ్చుబడుతుంది, మీటర్‌లో ఇంజన్ లైటు వెలుగుతుంది, ఆ తర్వాత ఎంత తొక్కినా బండి బరువుగానే కదులుతుంది. పక్కకు ఆపి తాళం తీసి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే పరిగెడుతుంది. మొదటిది పెట్రోల్ టర్బోలో వచ్చే ఫ్యూయల్ కట్. రెండోది ఎక్కువగా వీజీటీ (టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలు, అంటే వేన్లు, ఉన్న టర్బో) డీజిల్ బండ్లలో కనిపించే లింప్ మోడ్ (బండి తనను కాపాడుకోవడానికి పవర్ తగ్గించి నడవడం). రెండింటి వెనకా చాలాసార్లు ఉండేది ఒకటే: టర్బో ఉండాల్సిన దానికంటే ఎక్కువ గాలి నెడుతోంది (ఆ గాలి ఒత్తిడే బూస్ట్, అది హద్దు దాటితే ఓవర్‌బూస్ట్), లేదా నెడుతోందని ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అనుకుంటోంది.

ఈ రెండు మాటల మధ్య తేడాను తేల్చడమే అసలు పని. తేల్చకుండా టర్బో మార్చేసి, పదుల వేలు ఖర్చయ్యాక అదే కుదుపు మళ్ళీ వచ్చిన బండ్లు చాలా ఉన్నాయి. వందల్లో పోయే హోస్ పైపు దగ్గర మొదలుపెట్టి టర్బో దాకా వెళ్ళాలి, టర్బో దగ్గర మొదలుపెట్టకూడదు.

ఫ్యూయల్ కట్ జబ్బు కాదు, కాపలా. సిలిండర్‌లోకి లెక్కకు మించి గాలి వస్తే దానికి సరిపడా పెట్రోల్ పోసే లెక్క, స్పార్క్ టైమింగ్ లెక్క ఈసీయూ దగ్గర ఉండవు. అక్కడ నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) మొదలైతే పిస్టన్ రింగుల మధ్య గట్టు విరగడానికి, పిస్టన్ కరగడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే ఈసీయూ అన్ని ఇంజెక్టర్లనూ ఒకేసారి ఆపేస్తుంది. పాత జపాన్ టర్బో బండ్లలో ఇది మొరటుగా, గట్టి కుదుపుతో వస్తుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న బండ్లలో ఈసీయూ ముందు థ్రాటిల్ మూసి పవర్ తగ్గిస్తుంది, అది చాలకపోతేనే ఇంధనం ఆపుతుంది. మీ కాలు కింద పెడల్ నూరు శాతం ఉండి, స్కానర్‌లో థ్రాటిల్ ముప్పై శాతానికి పడిపోతే జరుగుతున్నది అదే.

ముందు ఇది ఫ్యూయల్ కట్ అవునా కాదా

పవర్ ఆగిపోయే ప్రతి కుదుపూ ఫ్యూయల్ కట్ కాదు. ఎక్కువ బూస్ట్ దగ్గర స్పార్క్ నిలబడక మిస్సింగ్ వచ్చినా కారు ఇలాగే జర్కులు కొడుతుంది. ఫ్యూయల్ పంపు నీరసించి పెట్రోల్ సరిపోకపోయినా పవర్ చస్తుంది. శ్రద్ధగా గమనిస్తే తేడా తెలుస్తుంది. ఫ్యూయల్ కట్ కత్తితో కోసినట్టు ఉంటుంది, ప్రతిసారీ దాదాపు అదే బూస్ట్ దగ్గర వస్తుంది. స్పార్క్ మిస్సింగ్‌లో కుదుపులు గజిబిజిగా, చిన్నచిన్నగా, ఒక సిలిండర్ తర్వాత ఇంకోటి తడబడినట్టు వస్తాయి. పెట్రోల్ చాలకపోవడం మెల్లగా ఊపిరి ఆడనట్టు మొదలై, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ముదురుతుంది.

స్కానర్ రికార్డింగ్‌లో తేడా ఇంకా స్పష్టం. ఫ్యూయల్ కట్ అయితే ఇంజెక్టర్ పల్స్ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) ఒక్క క్షణం సున్నాకు పడుతుంది. మిస్సింగ్ అయితే పల్స్ అలాగే ఉంటుంది, పి0300 వరుస కోడ్‌లు వస్తాయి. పెట్రోల్ చాలకపోతే పల్స్ పెరుగుతూ ఉంటుంది, రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు ఇంధనం అందించే పైపులోని ఒత్తిడి) మాత్రం పడిపోతుంది, పి0087 రావచ్చు. ఈ మూడోదానితోనే జాగ్రత్త. ఇంధనం పూర్తిగా ఆగితే సిలిండర్‌లో మంటే ఉండదు కాబట్టి పెద్ద నష్టం లేదు. ఇంధనం తక్కువై మంట మండుతూ ఉంటేనే పిస్టన్లకు ప్రమాదం. ఈ లక్షణం కనిపిస్తే కారణం దొరికేదాకా పూర్తి యాక్సిలరేటర్ తొక్కకండి.

స్పార్క్ అనుమానం ఉంటే ప్లగ్ గ్యాప్ చూడండి. వాడిన కొద్దీ గ్యాప్ పెరుగుతుంది, బూస్ట్ పెరిగితే ఆ గ్యాప్‌ను దాటడానికి స్పార్క్‌కు ఎక్కువ వోల్టేజ్ కావాలి. 0.7–0.8 మిల్లీమీటర్లు ఉండాల్సింది 1.0 దాటి ఉంటే ముందు ప్లగ్గులు మార్చి, మళ్ళీ నడిపి చూశాకే మిగతా పని.

కావలసినవి

లైవ్ డేటా రికార్డ్ చేసే ఓబీడీ స్కానర్, మల్టీమీటర్, ప్రెషరూ వాక్యూమూ రెండూ ఇచ్చే గేజ్ ఉన్న చేతి పంపు, ఒక మామూలు మెకానికల్ బూస్ట్ గేజ్, టీ జాయింట్, రెండు మీటర్ల హోస్. చేతి పంపు దొరక్కపోతే సైకిల్ పంపుకు చిన్న ప్రెషర్ గేజ్ కట్టి పని నడపొచ్చు. పంక్చర్ షాపు కంప్రెసర్ మాత్రం నేరుగా పెట్టకండి, యాక్చుయేటర్ (టర్బో మీద రాడ్‌ను కదిపే డబ్బా) లోపలి డయాఫ్రం ఒక్క దెబ్బకు చినుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం మీ మోడల్ సర్వీస్ మాన్యువల్. ఇక్కడ ఇచ్చే అంకెలు దారి చూపడానికే. మీ బండికి మాన్యువల్ అంకే ఆఖరి మాట.

మొదటి అడుగు: కోడ్ చెరపకుండా చదవండి

స్కానర్ పెట్టగానే ఎర్రర్ క్లియర్ చేయడం చాలా షెడ్లలో అలవాటు. దానితో సగం సాక్ష్యం పోతుంది. కోడ్‌తోపాటు ఈసీయూ ఆ క్షణపు ఆర్‌పీఎం, లోడ్, ఇంజన్ వేడి, మ్యానిఫోల్డ్ (సిలిండర్లలోకి గాలి పంచే పైపు) ప్రెషర్ దాచిపెడుతుంది. దాన్నే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. ముందు దాన్ని ఫోటో తీసుకోండి.

పి0234 అంటే ఓవర్‌బూస్ట్. పి0235 నుంచి పి0238 దాకా బూస్ట్ సెన్సర్ గొడవలు. పి0243 వరుస వేస్ట్‌గేట్ (పొగను టర్బైన్ పక్కనుంచి మళ్ళించి బూస్ట్‌ను అదుపు చేసే ఫ్లాప్) సోలినాయిడ్‌ది (కరెంటుతో గాలి దారి మార్చే వాల్వ్), పి0045 వరుస బూస్ట్ కంట్రోల్ సోలినాయిడ్‌ది, పి2563 వీజీటీ పొజిషన్ సెన్సర్‌ది. పి0299 అండర్‌బూస్ట్. పి0234, పి0299 రెండూ ఒకే బండిలో కనిపిస్తే తికమక పడకండి. వీజీటీలో వేన్లు ఒకచోట ఇరుక్కుని ఇంకోచోట ఆలస్యంగా కదులుతున్నాయన్నదానికి అది మంచి ఆనవాలు.

రెండో అడుగు: సెన్సర్ నిజం చెబుతోందా

ఇంజన్ ఆపి తాళం మాత్రం ఆన్ చేయండి. ఇప్పుడు మ్యాప్ సెన్సర్ (మ్యానిఫోల్డ్ ప్రెషర్ కొలిచేది) చూపాల్సింది బయటి గాలి ప్రెషర్ ఒక్కటే. విశాఖలో, మచిలీపట్నంలో సుమారు 100–101 కిలోపాస్కల్. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తు కాబట్టి అక్కడ సుమారు 95. అరకులో 91 దగ్గర. రెండు మూడు కిలోపాస్కల్ తేడా పర్వాలేదు. హైదరాబాద్‌లో నిలబడి ఉన్న బండి 110 చూపిస్తుంటే టర్బోను అనుమానించడం అనవసరం, సెన్సరో వైరింగో పాడైంది.

స్కానర్ చూపేది ఆబ్సల్యూట్ ప్రెషర్, అంటే బయటి గాలితో కలిపి. బూస్ట్ గేజ్ చూపేది బయటి గాలి మీద అదనంగా ఉన్నది. స్కానర్‌లో 200 అంటే విశాఖలో సుమారు 1 బార్ బూస్ట్, హైదరాబాద్‌లో 1.05. ఈ లెక్క తెలియక స్కానర్‌లో 180 చూసి 1.8 బార్ బూస్ట్ అని కంగారుపడేవాళ్ళు ఉన్నారు.

తర్వాత వోల్టేజ్. సెన్సర్ కప్లర్ దగ్గర ఒక వైరులో 5 వోల్టులు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. నాలుగోది ఉంటే అది గాలి వేడి సెన్సర్‌ది. బాష్ 2.5 బార్ సెన్సర్లలో బాగా వాడే ఒక రకం 20 కిలోపాస్కల్ దగ్గర 0.4 వోల్టు, 250 దగ్గర 4.65 వోల్టులు ఇస్తుంది. ఆ లెక్కన 100 దగ్గర 1.9 వోల్టుకు కాస్త అటూ ఇటూ రావాలి. సెన్సర్ మీద చేతి పంపుతో 0.5 బార్ ఎక్కిస్తే స్కానర్‌లో అంకె సరిగ్గా 50 పెరగాలి. పెరుగుతూ మధ్యలో ఎగిరిపడితే, లేదా కప్లర్ వైర్లు కదిపినప్పుడల్లా అంకె గంతులేస్తే దొంగ అక్కడే దొరికాడు. ఎర్త్ వైరు తుప్పు పట్టినా సిగ్నల్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. డీజిల్‌లో సెన్సర్ మొన నూనె మసితో మూసుకుపోతే అంకె ఆలస్యంగా మారుతుంది, ఈసీయూకు బూస్ట్ పెరిగిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. సెన్సర్ క్లీనర్ చల్లి ఆరనివ్వండి, సూది పెట్టి గీకొద్దు.

మూడో అడుగు: నడిపి రికార్డ్ చేయడం

టీ జాయింట్‌తో మెకానికల్ బూస్ట్ గేజ్‌ను పెట్రోల్ బండిలో థ్రాటిల్ తర్వాత, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ మీదున్న చిన్న పోర్టుకు కలపండి. బ్రేక్ బూస్టర్ పైపును మాత్రం ముట్టుకోవద్దు. డీజిల్‌లో ఇంటర్‌కూలర్ (టర్బో నెట్టిన గాలిని చల్లార్చేది) తర్వాత ఎక్కడైనా సరే. ఈ గేజ్ రెండో సాక్షి. సెన్సర్ చెప్పిందీ గేజ్ చెప్పిందీ ఒకటైతే బూస్ట్ నిజంగా పెరుగుతోంది. సెన్సర్ ఎక్కువ చెప్పి గేజ్ మామూలుగా ఉంటే బండిలో ఓవర్‌బూస్ట్ లేనే లేదు.

స్కానర్‌లో నాలుగైదు అంకెలే ఎంచుకోండి: ఆర్‌పీఎం, మ్యాప్ ప్రెషర్, బూస్ట్ టార్గెట్ కనిపిస్తే అది, సోలినాయిడ్ డ్యూటీ (ఈసీయూ దానికి ఎంత శాతం సేపు కరెంటు ఇస్తోందో), థ్రాటిల్ లేదా ఇంజెక్టర్ పల్స్. చవక బ్లూటూత్ అడాప్టర్‌తో పదిహేను అంకెలు ఒకేసారి అడిగితే ఒక్కోటి సెకనుకోసారి వస్తుంది. బూస్ట్ ఎగిరిపడేది అర సెకను కూడా ఉండదు, అది రికార్డులోకి రాదు. ఇంకో మెలిక ఏమిటంటే, మామూలు ఓబీడీ మ్యాప్ అంకె ఒక్క బైట్‌లో వస్తుంది కాబట్టి 255 కిలోపాస్కల్ దాటి చూపలేదు. గ్రాఫ్ 255 దగ్గర బల్లలా చదునుగా ఆగిపోతే నిజం అంతకంటే పైనే ఉండొచ్చు. అప్పుడు ఆ కంపెనీ డేటా చదివే స్కానర్ కావాలి.

ఖాళీ రోడ్డు, పక్కన స్కానర్ చూడటానికి ఇంకో మనిషి, ఇంజన్ పూర్తిగా వేడెక్కి ఉండాలి. మూడో గేర్‌లో 1,800–2,000 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కండి. పెట్రోల్ అయితే 5,000 దాకా, డీజిల్ అయితే 3,800 దాకా. పొడవైన ఎత్తు రోడ్డు దొరికితే మరీ మంచిది, వేగ పరిమితి దాటకుండానే ఇంజన్ మీద బరువు పడుతుంది. కుదుపు వచ్చిన వెంటనే కాలు తీసేయండి. రెండు పరుగులు చాలు, పదే పదే కొట్టకండి. చలికాలం తెల్లవారుజామున గాలి చిక్కగా ఉంటుంది, మధ్యాహ్నం రాని కట్ ఆ వేళ రావచ్చు. యజమాని 'పొద్దున్నే వస్తుంది' అంటే పొద్దున్నే పరీక్షించండి.

ఇప్పుడు గ్రాఫ్ ఆకారం చూడండి. బూస్ట్ టార్గెట్‌ను దాటి ఒక్కసారి పైకి లేచి, వెంటనే కిందికి దిగి కుదురుకుంటే అది స్పైక్. వేస్ట్‌గేట్ తెరుచుకోవడంలో ఆలస్యం ఉంది: ఫ్లాప్ బిగుసుగా కదలడం, హోస్ సన్నబడటం, సోలినాయిడ్ మందగించడం. ఆర్‌పీఎంతోపాటు బూస్ట్ నిలకడగా పాకుతూ పైకి పోతుంటే అది క్రీప్. వేస్ట్‌గేట్ పూర్తిగా తెరిచినా రంధ్రం చాలడం లేదు, ఎక్కువగా కేటలిటిక్ కన్వర్టర్ తీసేసి పెద్ద సైలెన్సర్ పైపు వేసిన బండ్లలో ఇది వస్తుంది. దానికి సోలినాయిడ్ మార్చి లాభం లేదు. అసలు ఆగకుండా నిటారుగా లేచిపోతే వేస్ట్‌గేట్ తెరుచుకోవడమే లేదు. డ్యూటీ సున్నాకు పడినా బూస్ట్ పెరుగుతూనే ఉంటే లోపం ఈసీయూది కాదు, హోస్, సోలినాయిడ్, యాక్చుయేటర్, ఫ్లాప్ నాలుగింట్లో ఒకటి.

నాలుగో అడుగు: చిన్న హోస్‌లు

చాలా పెట్రోల్ టర్బోల్లో గాలి ఒత్తిడే వేస్ట్‌గేట్‌ను తెరుస్తుంది. కంప్రెసర్ (టర్బోలో గాలిని నెట్టే భాగం) నుంచి సన్నని హోస్ సోలినాయిడ్‌కు, అక్కడి నుంచి యాక్చుయేటర్‌కు వెళ్తుంది. ఆ హోస్ చినిగితే యాక్చుయేటర్‌కు ఒత్తిడి అందదు, ఫ్లాప్ మూసే ఉంటుంది, బూస్ట్ అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతుంది. నిజమైన ఓవర్‌బూస్ట్‌కు ముందుగా అనుమానించాల్సింది దీన్నే. అందులోనూ పగులు ఎక్కువగా టర్బో వేడికి దగ్గరగా ఉన్న చివరన, క్లిప్ కింద దాక్కుంటుంది. పైనుంచి చూస్తే హోస్ నున్నగా ఉంటుంది. చివరను వేళ్ళతో వంచితే వేరుశనగ పొట్టులా పగుళ్ళు తెరుచుకుంటాయి. కొన్నిచోట్ల లోపలి పొర ఊడి కవాటంలా వేలాడుతుంది, చేతి పంపుకు గాలి పోతుంది, అటు నుంచి రాదు.

ఇంజన్ చల్లారాక, అంటే కనీసం రెండు గంటల తర్వాత, ఒక్కో హోస్ తీసి ఒక చివర వేలితో మూసి ఇంకో చివర 0.7 బార్ ఎక్కించండి. నిమిషం నిలబడాలి. సబ్బు నీళ్ళు రాస్తే లీక్ బుడగల రూపంలో బయటపడుతుంది.

మార్చేటప్పుడు లోపలి కొలత అదే ఉన్న, లోపల దారం అల్లిక ఉన్న రబ్బరు హోస్ వేయండి. అక్వేరియం పైపు, సెలైన్ పైపు వేసిన బండ్లు వస్తుంటాయి. మొదటి వారం బాగానే ఉంటాయి, తర్వాత వేడికి మెత్తబడి ఒత్తిడి ఎక్కినప్పుడు ఉబ్బి ఊడిపోతాయి. పాత హోస్ పారేసే ముందు లోపల చూడండి. కొన్ని బండ్లలో, ఉదాహరణకు సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్‌లో, హోస్ లోపల సన్నని రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది. కంప్రెసర్ నుంచి వచ్చే గాలిని అది బిగపట్టి సోలినాయిడ్‌కు పట్టు ఇస్తుంది. ఆ ముక్క నూనె జిడ్డుతో మూసుకుపోతే యాక్చుయేటర్‌కు ఒత్తిడి చేరదు, ఓవర్‌బూస్ట్. పాత హోస్‌తోపాటు చెత్తలో పడేస్తే బూస్ట్ పడిపోతుంది. కొత్త హోస్‌లోకి అదే ముక్క మార్చాలి.

సోలినాయిడ్ మీది మూడు పోర్టులకు ఏ హోస్ ఎక్కడ ఉందో తీసే ముందే పెయింట్ గుర్తు పెట్టండి. పని చేశాక తిరిగి పెట్టడంలో రెండు హోస్‌లు తారుమారైతే, నిన్నటిదాకా లేని ఓవర్‌బూస్ట్ ఇవాళ మొదలవుతుంది. ఏదైనా సర్వీస్ తర్వాతే సమస్య వచ్చిందని యజమాని చెబితే ముందు ఈ మూడు చివరలే చూడండి.

ఐదో అడుగు: యాక్చుయేటర్, ఫ్లాప్

యాక్చుయేటర్‌కు చేతి పంపు తగిలించి మెల్లగా ఒత్తిడి ఎక్కించండి. చిన్న పెట్రోల్ టర్బోల్లో చాలావాటికి 0.3–0.5 బార్ మధ్య రాడ్ కదలడం మొదలవుతుంది. కదలిక జారుతున్నట్టు ఉండాలి, ఆగి ఆగి టక్కుమని దూకకూడదు. ఒత్తిడి ఎక్కించి నిమిషం వదిలేయండి. గేజ్ ముల్లు పదో వంతుకు మించి దిగితే డయాఫ్రం లీక్.

ఇక్కడ చాలామంది వదిలేసే ముక్క ఒకటుంది. రాడ్ చివరి చిన్న క్లిప్ తీసి, రాడ్‌ను ఫ్లాప్ ఆర్మ్ నుంచి విడదీయండి. ఆర్మ్‌ను చేత్తో తిప్పండి. మొదటి నుంచి చివరిదాకా ఒకే బరువుతో కదలాలి. మధ్యలో ఇసుక మీద ఈడ్చినట్టు అనిపిస్తే ఇరుసు బుష్‌లో తుప్పో మసో చేరింది. నెలల తరబడి కదలకుండా ఉన్న బండ్లలో ఇది మామూలు. తుప్పు విడిపించే నూనె పోసి, గంట ఆగి, వందసార్లు అటూ ఇటూ ఆడిస్తే కొన్ని తేరుకుంటాయి. వేడెక్కాక మళ్ళీ బిగుసుకునేవి టర్బైన్ హౌసింగ్ విప్పకుండా బాగుపడవు. బుష్ అరిగి ఆర్మ్ వదులుగా ఊగుతుంటే ఫ్లాప్ వంకరగా కూర్చుంటుంది. దానివల్ల ఎక్కువగా బూస్ట్ తగ్గుతుంది, ఒక్కోసారి వంకరగా ఇరుక్కుని తెరుచుకోదు.

రాడ్ మీద లాక్ నట్‌కు వేసిన పెయింట్ గుర్తు చెదిరి ఉంటే ఎవరో దాన్ని తిప్పారు. పికప్ పెరుగుతుందని రాడ్ పొట్టి చేసిన బండ్లకు ఫ్యూయల్ కట్ రావడంలో ఆశ్చర్యం లేదు. మాన్యువల్ చెప్పిన ఒత్తిడి దగ్గర మాన్యువల్ చెప్పినంత రాడ్ కదిలేలా తిరిగి సర్దాలి.

ఫోక్స్‌వాగన్ 1.0 టీఎస్‌ఐ లాంటి ఇంజన్లలో ఈ గాలి హోస్‌లు ఉండవు, ఫ్లాప్‌ను చిన్న మోటారు కదుపుతుంది. అక్కడ స్కానర్‌తో మోటారును రెండు చివరలకూ నడిపి, అడిగిన పొజిషన్, వచ్చిన పొజిషన్ పోల్చండి. యాక్చుయేటర్ మార్చినా, రాడ్ విప్పినా స్కానర్‌తో అడాప్టేషన్ (ఈసీయూకు కొత్త హద్దులు నేర్పడం) చేయాల్సిందే. అది చేయకపోతే కొత్త భాగం కూడా పాత తప్పే చూపిస్తుంది.

సోలినాయిడ్ పరీక్ష చిన్నదే. కప్లర్ తీసి రెండు పిన్నుల మధ్య ఓమ్ చూడండి. ఫోక్స్‌వాగన్ 1.8 టర్బో తరంలో 25–35 ఓమ్ ఉంటుంది, వేరే బండ్లకు వేరే అంకె. కరెంటు ఇచ్చినప్పుడు క్లిక్ అనాలి, గాలి దారి మారాలి. క్లిక్ వినిపించినంత మాత్రాన మంచిదని అనుకోకండి. లోపల నూనె జిడ్డు ఉంటే చప్పుడు చేస్తుంది కానీ గాలిని వదలదు. మంచి పరీక్ష ఇంకొకటి: కంప్రెసర్ హోస్‌ను సోలినాయిడ్‌తో పని లేకుండా నేరుగా యాక్చుయేటర్‌కు కలిపి, సగం యాక్సిలరేటర్‌తో మొదలుపెట్టి నడపండి. బూస్ట్ స్ప్రింగ్ ఒత్తిడి దగ్గర బుద్ధిగా ఆగితే యాక్చుయేటర్, ఫ్లాప్ రెండూ మంచివే, లోపం సోలినాయిడ్ వైపు. అప్పుడూ లేచిపోతే లోపం టర్బో వైపు.

వీజీటీ డీజిల్: మసి కథ

1.3 లీటర్ డీజిల్‌నే తీసుకుంటే, 75 పీఎస్ స్విఫ్ట్‌లో టర్బో మామూలు రకం, 90 పీఎస్ ఎర్టిగాలో వీజీటీ. మీ బండిలో ఏది ఉందో ముందు తెలుసుకోండి, ఎందుకంటే వీజీటీలో వేస్ట్‌గేటే ఉండదు. టర్బైన్ చుట్టూ చిన్న వేన్లు ఉంటాయి. తక్కువ ఆర్‌పీఎంలో అవి దగ్గరకు మూసుకుని పొగను సన్నని దారిలో వేగంగా తోస్తాయి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ తెరుచుకుంటాయి. వాక్యూమ్‌తో నడిచే రకాల్లో చాలావాటిలో వాక్యూమ్ వేన్లను మూస్తుంది, వాక్యూమ్ లేకపోతే స్ప్రింగ్ తెరుస్తుంది. కాబట్టి ఇక్కడ హోస్ చినిగితే ఓవర్‌బూస్ట్ రాదు, పికప్ చస్తుంది. పెట్రోల్‌కు ఇది సరిగ్గా తలకిందులు. రెండిట్నీ ఒకే గాటన కడితే తప్పు భాగం విప్పుతారు.

వీజీటీలో ఓవర్‌బూస్ట్ అంటే వేన్లు మూసుకున్న చోట ఇరుక్కున్నాయని ఎక్కువ అనుమానం. రోజూ ఊళ్ళోనే రెండు మూడు కిలోమీటర్లు తిరిగే బండ్లలో వేన్లు ఎప్పుడూ ఒకే చిన్న పరిధిలో కదులుతాయి. మిగతా దారిలో మసి గట్టుకడుతుంది. పండక్కి ఊరెళ్తూ హైవే ఎక్కి ఓవర్‌టేక్‌కు పూర్తిగా తొక్కినప్పుడు వేన్లు ఆ గట్టును దాటలేక ఆగిపోతాయి, బూస్ట్ టార్గెట్‌ను దాటుతుంది, ఈసీయూ ఇంధనం తగ్గించి లింప్ మోడ్‌లోకి పోతుంది.

పరీక్ష ఇలా. యాక్చుయేటర్‌కు చేతి పంపుతో వాక్యూమ్ ఇవ్వండి. చాలావాటిలో 0.15–0.2 బార్ దగ్గర రాడ్ కదలడం మొదలై 0.5–0.6 దగ్గర చివరికి చేరుతుంది. ముఖ్యంగా చూడాల్సింది తిరుగు ప్రయాణం. వాక్యూమ్ మెల్లగా వదులుతుంటే రాడ్ కూడా మెల్లగా వెనక్కి రావాలి. సగంలో ఆగి, కాసేపటికి ఉలిక్కిపడినట్టు దూకితే వేన్లు ఇరుక్కుంటున్నాయి. ఇది చల్లగా ఉన్నప్పుడొకసారి, నడిపి వచ్చాక చేతికి దళసరి గ్లవ్స్ వేసుకుని ఇంకోసారి చేయండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడిలో ఇరుక్కునే టర్బోలు తక్కువేం కాదు. రాడ్ బాగా కదిలితే అప్పుడు వాక్యూమ్ సోలినాయిడ్ చూడండి. దాని గాలి వదిలే చోటున్న చిన్న ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే వాక్యూమ్ సకాలంలో వదలదు, వేన్లు మూసే ఉంటాయి, అచ్చం మసి లక్షణాలే కనిపిస్తాయి. ఆ ఫిల్టర్ శుభ్రం చేయడానికి పది నిమిషాలు చాలు. దాన్ని చూడకుండా టర్బో దించడం తప్పు.

కొద్దిపాటి మసి అయితే హైవే మీద ఇంజన్ వేడెక్కాక ఒక గేర్ తక్కువలో 2,500–3,000 ఆర్‌పీఎం మీద అరగంట నడపడం, ఆగినప్పుడు యాక్చుయేటర్‌ను పూర్తి దూరం కదిపించడం ఉపయోగపడతాయి. గట్టిగా పట్టేస్తే టర్బో దించాలి. టర్బైన్ హౌసింగ్ మీద, మధ్య భాగం మీద గీత గీసి విప్పండి. వేన్లు, వాటిని తిప్పే రింగ్ మసి కరిగించే ద్రావకంలో నానబెట్టి మెత్తని బ్రష్‌తో తోమండి. ఎమరీ కాగితం వద్దు, శాండ్ బ్లాస్టింగ్ వద్దు. వేన్ల ఇరుసుల దగ్గర కొద్దిగా లోహం పోయినా అవి ఊగడం మొదలవుతుంది. ఆర్మ్ దగ్గర ఉండే స్టాప్ స్క్రూ ముట్టుకోవద్దు. అది వేన్లు ఎంత మూసుకోవాలో నిర్ణయించే హద్దు, ఫ్లో బెంచ్ (గాలి ప్రవాహం కొలిచే యంత్రం) మీద పెట్టిన సెట్టింగ్. పావు చుట్టు తిప్పినా బూస్ట్ తీరు మారిపోతుంది. శుభ్రం చేశాక ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపేది), ఇంజెక్టర్లు చూడకపోతే అంత మసి ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, మళ్ళీ అదే పని పడుతుంది.

బూస్ట్ సరిగ్గానే ఉండి పవర్ ఆగితే

గేజ్, సెన్సర్ రెండూ హద్దులోనే ఉండి పెట్రోల్ బండి గాలి కోసం కొట్టుకున్నట్టు చస్తుంటే ఇంధనం వైపు వెళ్ళండి. పోర్ట్ ఇంజెక్షన్‌లో రెగ్యులేటర్‌కు మ్యానిఫోల్డ్ హోస్ ఉంటే రైల్ ప్రెషర్ బూస్ట్‌తోపాటు అంతే పెరగాలి. మూల ప్రెషర్ 3 బార్ అయితే 0.8 బూస్ట్ దగ్గర 3.8 కనిపించాలి. 3 దగ్గరే ఉంటే ఆ చిన్న హోస్ పగిలింది, 3 కంటే దిగజారితే పంపో ఫిల్టరో. కొన్ని బండ్లలో కట్ మ్యాప్ మీద కాక ఎయిర్‌ఫ్లో లెక్క మీద ఆధారపడుతుంది. అక్కడ పాడైన ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్నదానికంటే ఎక్కువ చెప్పి కట్ తెప్పించగలదు.

ఏం చేయకూడదు

ఫ్యూయల్ కట్ రాకుండా మ్యాప్ సిగ్నల్‌ను ఒక హద్దు దగ్గర పట్టి ఆపే పెట్టెలు అమ్ముతారు. డీజిల్ బండ్లకు సెన్సర్ వైరులో కలిపే ట్యూనింగ్ బాక్సులూ ఇలాంటివే. బూస్ట్ పెరుగుతూనే ఉంటుంది, ఈసీయూకు మాత్రం తెలియదు, పెట్రోల్ బండిలో తక్కువ గాలికి సరిపడా ఇంధనమే పోస్తుంది. కాపలావాడి కళ్ళకు గంతలు కట్టి దొంగ లేడనుకోవడం అది. అలాంటి పెట్టె బండిలో ఉంటే పరీక్ష మొదలుపెట్టకముందే తీసేసి, ఒరిజినల్ వైరింగ్‌తోనే అన్నీ కొలవండి. సాఫ్ట్‌వేర్ మార్చిన బండి అయితే మాన్యువల్ అంకెలు దానికి వర్తించవు. మార్చినవాళ్ళ నుంచి బూస్ట్ టార్గెట్ తెలుసుకోండి, వీలైతే ఒరిజినల్ ఫైలు వేసి నడపండి.

రిపేరు తర్వాత

కోడ్‌లు ఇప్పుడు చెరపండి. బ్యాటరీ తీసిన బండికైనా, స్కానర్‌లో అడాప్టేషన్ రీసెట్ చేసిన బండికైనా పది పదిహేను కిలోమీటర్లు మామూలుగా నడిపి ఈసీయూ సర్దుకునే అవకాశం ఇవ్వండి. తర్వాత అదే రోడ్డు, అదే గేర్, వీలైతే అదే వేళ, మళ్ళీ రెండు పరుగులు రికార్డ్ చేసి పాత గ్రాఫ్ పక్కన పెట్టండి. బూస్ట్ టార్గెట్‌ను కొద్దిగా దాటి ఒక సెకనులోపు కుదురుకుంటే సరే. కోడ్ రాకపోయినా బూస్ట్ ఇంకా పావు బార్ పైకి లేచి దిగుతుంటే బండి ఇవ్వకండి, హద్దుకు అంచునే ఉంది, చలికాలం పొద్దున మళ్ళీ కొడుతుంది. మెకానికల్ గేజ్ తీసేటప్పుడు టీ జాయింట్ కూడా తీసి, ఒరిజినల్ హోస్ పెట్టి క్లిప్ బిగించండి.